కొండ మీది నుంచి భూమిని కొలిచిన అల్ బెరూనీ

హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ పేరు మన ఉలమాలకు కొత్త కాదు. 1888లో స్థాపితమైన ఆ సంస్థ ఎక్కడెక్కడో రాతప్రతులుగా పడివున్న అరబ్బీ గ్రంథాలను వెదికి అచ్చు వేయించింది. 1954-56 మధ్య మూడు సంపుటాలుగా వెలువరించిన ‘అల్ ఖానూనుల్ మస్ఊదీ’ అనే ఖగోళశాస్త్ర గ్రంథం వాటిలో ఒకటి. అంతటి గ్రంథం మన గడ్డ మీద అచ్చుకెక్కిందన్న సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? దాన్ని రాసిన అబూ రైహాన్ అల్ బెరూనీ (రహ్మ) పేరు కూడా పాఠ్యపుస్తకాల్లో ‘కితాబుల్ హింద్’ రచయిత అన్న ఒక్క వాక్యంతో సరిపోతుంది. యవ్వనంలో మనసున పడ్డ ఒక కోరికను ఆయన నలభై దాటిన తర్వాత గానీ తీర్చుకోలేకపోయారు. ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

క్రీ.శ. 973లో ఖ్వారజ్మ్ దేశపు రాజధాని కాస్ నగర శివార్లలో ఆయన జన్మించారు. ఆ ప్రాంతం నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. ఫార్సీలో ‘బీరూన్’ అంటే వెలుపల. ఊరి వెలుపలి వాడు కనుక బెరూనీ అయ్యారు. చెప్పుకోదగ్గ వంశం లేదు. తన తాత ఎవరో తనకు సరిగా తెలియదని ఆయనే నవ్వుతూ చెప్పుకున్నారు. అయితే అల్లాహ్ దయవల్ల మంచి ఉస్తాద్ దొరికారు. ఆ రాజవంశానికే చెందిన గణితవేత్త అబూ నస్ర్ మన్సూర్ ఈ కుర్రవాణ్ణి చేరదీసి రేఖాగణితం, ఖగోళం నేర్పారు.

పదిహేడేళ్ల వయసులో, అరడిగ్రీ గుర్తులున్న ఒక వలయంతో మధ్యాహ్న సూర్యుని ఎత్తు కొలిచి, కాస్ నగరం భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉందో బెరూనీ లెక్క కట్టారు. అక్కడి నుంచి కోరిక పెరిగింది. ఒక్క ఊరితో ఆగక, ఊళ్లన్నీ భూగోళం మీద ఎక్కడెక్కడ ఉన్నాయో, అసలు ఈ భూమి ఎంత పెద్దదో స్వయంగా తేల్చుకోవాలనుకున్నారు. నాలుగైదేళ్లకు పదిహేను మూరల వ్యాసంతో పెద్ద వలయం సిద్ధం చేసుకున్నారు. ఎండాకాలంలో సూర్యుడు అత్యంత ఉత్తరానికి చేరే రోజున ఒక కొలత తీసుకున్నారు. అంతే. ఆ ఏడాదే, 995లో, అంతర్యుద్ధం చెలరేగింది. ఉస్తాద్ గారి వంశం రాజ్యం కోల్పోయింది. ఇరవై రెండేళ్ల బెరూనీ ప్రాణాలు అరచేత పట్టుకుని ఊరు విడిచి వెళ్లారు.

ఆ తర్వాతి రోజులు చాలా కష్టంగా గడిచాయి. రయ్ నగరంలో ఉండగా ఒక జ్యోతిష్కునితో శాస్త్ర విషయమై వాదం వచ్చింది. బెరూనీ మాటలో తప్పు లేకున్నా, అతని పేదరికం చూసి ఆ పెద్దమనిషి ఎగతాళి చేశాడు. కొంతకాలానికి బెరూనీ పరిస్థితి చక్కబడింది. అప్పుడు అదే మనిషి స్నేహంగా మసలుకున్నాడు. ఈ సంగతి బెరూనీ తన పుస్తకంలోనే రాసుకున్నారు. వేసుకున్న బట్టను బట్టి మాటకు విలువ కట్టే అలవాటు ఈనాటిది కాదన్నమాట!

ఇంత అవస్థలోనూ ఆయన పని మానలేదు. 997 మే నెలలో చంద్రగ్రహణం రానున్నదని తెలిసి, బాగ్దాద్‌లోని మహా గణితవేత్త అబుల్ వఫాతో ముందుగానే ఏర్పాటు చేసుకున్నారు. ఆయన బాగ్దాద్‌లో, ఈయన కాస్‌లో ఒకే గ్రహణాన్ని చూశారు. ఇద్దరి స్థానిక సమయాల తేడాను బట్టి రెండు నగరాల మధ్య తూర్పు పడమరల దూరం ఎన్ని డిగ్రీలో తేలింది. తంతి లేదు, టెలిఫోన్ లేదు. ఫలితం సరిపోల్చుకోవడానికి ఉత్తరం వచ్చేదాకా ఎదురుచూడాలి!

ఇక భూమి కొలత సంగతి. అబ్బాసీ ఖలీఫా మామూన్ కాలంలో (813-833) కొందరు విద్వాంసులు ఇరాక్‌లోని సింజార్ మైదానంలో ధ్రువ నక్షత్రం ఎత్తు ఒక డిగ్రీ మారేదాకా తిన్నగా నడిచి, ఆ దూరాన్ని కొలిచారు. అయితే వారి ఫలితాన్ని ఒక పుస్తకం 56 మైళ్లని, మరొకటి దానికి మూడింట రెండు వంతుల మైలు ఎక్కువని చెబుతోంది. ఏది నిజం? ఎవరో చెప్పారని ఒకదాన్ని ఎంచుకోవడం బెరూనీకి నచ్చలేదు. గుర్గాన్ పాలకుడు ఖాబూస్ ఆశ్రయంలో ఉన్నప్పుడు దహిస్తాన్ వైపు విశాలమైన ఎడారి ఆయనకు కనబడింది. ఆ పని మళ్లీ చేయడానికి సరైన చోటు. కానీ ఎడారిలో రోజుల తరబడి కొలతలు తీయాలంటే మనుషులు కావాలి, ఒంటెలు కావాలి, డబ్బు కావాలి. సహాయం అందలేదు. ఆ తలంపు అక్కడే ఆగిపోయింది.

ఇంటర్‌లో ఒక్కసారి తప్పితే ఇల్లంతా శోకంలో మునిగే రోజుల్లో ఉన్నాం మనం. తండ్రి కొడుకుతో మాట్లాడడు, తల్లి బంధువులకు ముఖం చూపించదు. మా దగ్గర చదివే పిల్లల్లోనూ ఈ భయమే చూస్తుంటాం. బెరూనీ ఆ వయసులో ఊరు, వలయం, ఎడారి అన్నీ పోగొట్టుకున్నారని వారికి చెబుతుంటాం.

1004 ప్రాంతంలో ఆయన ఖ్వారజ్మ్‌కు తిరిగివచ్చి కొత్త పాలకుని కొలువులో చేరారు. కొంతకాలం కుదురుగా సాగింది. 1017లో ఆ పాలకుడు హత్యకు గురయ్యాడు. గజనీ సుల్తాన్ మహమూద్ దేశాన్ని ఆక్రమించి, అక్కడి పండితులను తన రాజధానికి తీసుకుపోయాడు. నలభై నాలుగేళ్ల బెరూనీ, ఉస్తాద్ అబూ నస్ర్ కూడా వారిలో ఉన్నారు. అది బందిఖానా కాదు, స్వేచ్ఛా కాదు. మరుసటి ఏడాది అక్టోబరులో కాబూల్ దగ్గరి ఒక పల్లెలో ఉండగా చేతిలో ఒక్క పరికరం లేదు. లెక్కలు వేసుకునే పలకను తిరగేసి, దాని వెనక వృత్తభాగం గీసుకుని డిగ్రీలు గుర్తించారు. దారానికి బరువు కట్టి వేలాడదీసి, దానితోనే సూర్యుని ఎత్తు కొలిచి ఆ చోటి అక్షాంశం తేల్చారు.

ఆ తర్వాత కొన్నేళ్లకు పంజాబ్‌లోని నందన కోటకు రావడం జరిగింది. అది నేటి పాకిస్తాన్‌లో ఉప్పు కొండల వరుసలో ఉంది. ఎదురుగా చదునైన మైదానం, పక్కనే ఒంటిగా నిలిచిన కొండ. ఎడారిలో నడవడానికి సాయం దొరకని మనిషికి ఇక్కడ నడిచే అవసరం లేని దారి దొరికింది. ముందుగా కింద రెండు చోట్ల నుంచి కొలిచి కొండ ఎత్తు 652 మూరలకు కాస్త పైగా ఉందని తేల్చారు. తర్వాత పైకెక్కి ఆకాశమూ నేలా కలిసే గీతను చూశారు. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల ఎత్తు మీది నుంచి చూస్తే ఆ గీత మట్టానికి కొద్దిగా కిందకు కనబడుతుంది. ఆ కొద్దిపాటి వాలు 34 నిమిషాల కోణం, అంటే పున్నమి చంద్రుని వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. కొండ ఎత్తు, ఈ కోణం తెలిస్తే చాలు, త్రికోణమితితో భూగోళం వ్యాసార్థం వచ్చేస్తుంది. డిగ్రీకి దాదాపు 56 మైళ్లని తేలింది. అప్పటి మైలు నాలుగు వేల మూరలు.

ఇది నేటి లెక్కకు వెంట్రుకవాసి తేడాతో సరిపోయిందని కొందరు గొప్పగా రాస్తుంటారు. మేము అలా అనము. ఆనాటి మూర పొడవును ఎంతగా తీసుకుంటామన్న దాన్నిబట్టి ఫలితం మారుతుంది. పైగా గాలి వెలుగును వంచుతుంది కనుక ఆ కోణం అంత ఖచ్చితంగా దొరకదు. బెరూనీకి లేని గొప్పను మనం తగిలించనవసరం లేదు. కొండ మీది నుంచి కొలిచే ఉపాయం మామూన్ కాలపు సనద్ బిన్ అలీ ముందే వాడారని ఆయనే రాశారు. తన ఫలితం పాతవారి ఫలితానికి దగ్గరగా రావడం చూసి, వారి పరికరాలు మేలైనవని ఒప్పుకుని వారి లెక్కనే మన్నించారు. ముప్ఫయ్యేళ్లుగా ఎదురుచూసిన పని పూర్తయిన నాడు కూడా ఆయన తీరు ఇదీ.

ఆ కొలత దేనికి పనికివచ్చిందో చూడండి. గజనీ ప్రజలు నమాజులో ఏ దిక్కుకు నిలబడాలి? అందుకోసం మక్కాకూ గజనీకీ మధ్య డిగ్రీలెన్నో తెలియాలి. బాటసారులు చెప్పే దూరాలేమో మైళ్లలో, ఫర్సఖులలో ఉంటాయి. వాటిని డిగ్రీలుగా మార్చాలంటే భూమి కొలత తెలిసితీరాలి. 1025లో పూర్తిచేసిన ‘తహ్దీద్’ అనే గ్రంథంలో ఆయన బాగ్దాద్ మొదలుకొని ఒక్కో నగరాన్ని సరిచూసుకుంటూ గజనీ ఖిబ్లాను లెక్కగట్టారు. తనను బలవంతాన తెచ్చి ఉంచిన ఊరికి ఆయన చేసిన సేవ ఇది.

మిగిలినవి చాలామంది ఎరిగినవే. నలభై దాటాక సంస్కృతం నేర్చుకుని, సొంత డబ్బు పెట్టి పుస్తకాలు సేకరించి, పండితుల ముందు శిష్యునిలా కూర్చుని 1030లో ‘కితాబుల్ హింద్’ ముగించారు. మహమూద్ కుమారుడు మస్ఊద్ పేరిట ‘ఖానూన్’ రాశారు. దానికి బహుమానంగా సుల్తాన్ ఏనుగు మీద వెండి పంపితే, అవసరం లేదని తిప్పి పంపారని చెబుతారు. అరవై దాటాక తన రచనల జాబితా తానే రాసుకున్నారు. అవి వందకు పైగా ఉన్నాయి.

1050కి కాస్త అటూ ఇటూగా గజనీలో ఆయన చివరి ఘడియలు వచ్చాయి. చూడవచ్చిన ఒక ఫఖీహ్‌ను, వారసత్వంలో అమ్మమ్మ తరఫు వాటాల గురించి గతంలో చెప్పిన మసలా మళ్లీ వివరించమని అడిగారు. ఈ స్థితిలోనా అని ఆయన జాలిపడ్డారు. తెలియకుండా పోవడం కంటే తెలిసి పోవడం మేలు కాదా అన్నది బెరూనీ జవాబు. ఫఖీహ్ విడమరచి చెప్పారు. బెరూనీ దాన్ని తిరిగి అప్పజెప్పి, తానూ ఒక విషయం ఆయనకు నేర్పారు. ఆ పెద్దమనిషి సెలవు తీసుకుని బయటికి వచ్చి ఇంకా దారిలో ఉండగానే ఆ ఇంట్లో నుంచి ఏడుపులు వినిపించాయి.