ఓటమిని పాఠముగా మలచిన ఉస్తాదు : సయ్యద్ అబ్దుల్ రహీం

క్రీడారంగంలో ఒక ఘోర పరాజయం సంభవించినప్పుడెల్లా అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోవడం పరిపాటి. ఆటగాళ్ళు చేతకానివారని ఒక పక్షం నిందిస్తుంది. శిక్షకుడు దారి తప్పించాడని రెండవ పక్షం వాదిస్తుంది. చాయ్ హోటళ్ళలోను, మైదానాల గట్లమీదను తెల్లవార్లూ సాగినా తెగని వాదమిది. ఈ వాదానికి మాటలతో గాక తన జీవితంతోనే సమాధానం చెప్పిన మహనీయుడొకరు మన హైదరాబాదు గడ్డమీద పుట్టారు. ఆయనే భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులకు, అభిమానులకు ఆయన రహీం సాహెబు.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యనభ్యసిస్తూ ఆ జట్టులో ఆడారు. పట్టభద్రులైన పిదప ఉపాధ్యాయ వృత్తి చేపట్టి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన పాఠశాలల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలోను శిక్షణ పొందారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, మరణించేవరకు ఆ బాధ్యతను నిర్వహించారు. తరగతి గదిలోని ఓర్పును మైదానంలోకి తెచ్చిన ఉపాధ్యాయుడాయన. ఆ తరువాత ఆయన సాధించిన విజయాలన్నింటికీ మూలం ఇదే.

1950లో ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణను చేపట్టారు. అదే సంవత్సరం ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. 1954 వరకు వరుసగా ఐదేళ్ళు ఆ కప్పు హైదరాబాదును విడిచిపోలేదు. కలకత్తా జట్లకు ఎదురు లేదనుకొనే కాలంలో దక్కను నుండి వెళ్ళిన పోలీసు జవానులు సాధించిన ఈ ఘనత సామాన్యమైనది కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో రహీం సాహెబు శిక్షణలో భారత జట్టు ఇరానును 1–0తో ఓడించి స్వర్ణ పతకం గెలిచింది. ఆ ఏకైక గోలు మేవాలాల్ చేసినది.

విజయ శిఖరంపై నిలిచిన వారికి మరుసటి సంవత్సరమే పిడుగుపాటు కాచుకొని ఉన్నది. 1952 జూలై 15న హెల్సింకీ ఒలింపిక్ క్రీడల్లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1–10తో చిత్తుగా ఓడిపోయింది. మన పక్షాన అహ్మద్ ఖాన్ ఒక్క గోలు చేయగలిగాడు.

దోషం ఎవరిది? ఆటగాళ్ళదే అనేవారికి ఆధారాలు లేకపోలేదు. మన వారిలో పలువురు నాడు బూట్లు లేకుండా వట్టి కాళ్ళతోనే ఆడారు. కలకత్తా, హైదరాబాదు ఎండల్లో రాటుదేలిన పాదాలకు ఆ ఉత్తర దేశపు చల్లని పచ్చిక కొత్త. 1948 లండన్ ఒలింపిక్ క్రీడల్లో వట్టి కాళ్ళతోనే ఫ్రాన్సును ఎదిరించి, రెండు పెనాల్టీ కిక్కులు వృథా చేసుకొని కూడ 1–2తో మాత్రమే ఓడిన జ్ఞాపకం మనవారిలో ధీమాను పెంచి ఉండవచ్చు. మరి శిక్షకుడిదే అనేవారికి సైతం వాదబలం ఉన్నది. ఇద్దరే వెనుక నిలిచే పాత అమరిక యూరపు జట్ల వేగానికి తట్టుకోలేదని ముందుగా గ్రహించవలసినది శిక్షకుడే గదా! అయితే ప్రత్యర్థి బలాన్ని కూడ తూచి చూడాలి. ఆ యుగోస్లావియా జట్టు ఫైనలు దాకా వెళ్ళి రజత పతకం పొందిన జట్టు. తరువాతి ఆటలోనే సోవియట్ యూనియన్‌తో 5–5గా సమంగా నిలిచి, మళ్ళీ ఆడి గెలిచిన జట్టు.

రహీం సాహెబు ఈ వాదంలో ఏ పక్షానా చేరలేదు. ఓటమిని విద్యార్థి జవాబు పత్రంవలె దిద్దుకొన్నారు. ఆ పరాజయం తరువాత మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయినాయి. ఆయన ఆటగాళ్ళ అమరికను మార్చారు, వెనుక వరుసను బలపరచారు. ముందు ఆడే సెంటర్ ఫార్వర్డ్‌ను కొంత వెనుకకు లాగి ప్రత్యర్థిని తికమకపెట్టే పద్ధతిని ప్రవేశపెట్టారు. హైదరాబాదులో యువకుల కోసం వింత పోటీలు నిర్వహించారు. ఒకదానిలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. మరొకదానిలో బంతిని తనవద్దే అట్టిపెట్టుకొని తిప్పరాదు, వెంటనే తోటివానికి అందించాలి. వినోదంగా కనిపించే ఈ పోటీల్లోనే ఒక తరం ఆటగాళ్ళు తయారైనారు.

ఆ కృషి ఫలించడానికి నాలుగేళ్ళు పట్టింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడల్లో భారత జట్టు ఆస్ట్రేలియాను దాని స్వదేశంలోనే 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేశాడు. ఆసియా ఖండం నుండి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీ ఫైనలు చేరిన మొదటి జట్టు మనదే. సెమీ ఫైనల్లో ఎదురైనది మళ్ళీ ఆ యుగోస్లావియాయే! తొలి గోలు మనదే అయినా చివరికి 1–4తో ఓడిపోయాం. కాని పది గోళ్ళ పరాజయానికి, ఈ పరాజయానికి నడుమ ఉన్న దూరమే రహీం సాహెబు నాలుగేళ్ళ శ్రమకు కొలమానం. ఆ జట్టులో సికిందరాబాదు అమ్ముగూడ వాసి తులసీదాస్ బలరాం ఇరవై ఏళ్ళ యువకుడు. 1960 రోమ్ క్రీడల్లో హంగేరీపై, పెరూపై గోళ్ళు చేసినవాడు ఆ బలరామే. అక్కడే మనవారు ఫ్రాన్సును 1–1తో నిలువరించారు.

ఆయన జీవితంలో చివరి అధ్యాయం 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే క్యాన్సర్ వ్యాధి ఆయన దేహాన్ని తొలిచివేస్తున్నది. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓటమి. పాత వాదం మళ్ళీ లేచే సమయమిది. థాయిలాండుపై గెలిచిన ఆటలో వెనుక వరుసకు వెన్నెముకయైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినాయి. మరొకరైతే అతనిని కూర్చోబెట్టేవారు. రహీం సాహెబు అతనిని ముందు వరుసకు పంపారు! సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచి, సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియానే ఎదుర్కొన్నారు. జ్వరపడి లేచిన పొడగరి గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ తిరిగి జట్టులోకి వచ్చాడు. ప్రేక్షకులు మనకు ప్రతికూలురు. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు గాయమైన జర్నైల్ సింగ్ మరొక గోలు చేయగా భారత జట్టు 2–1తో స్వర్ణ పతకం గెలిచింది.

ఆలోచించండి. మొదట ఓడిపోయిన జట్టు, చివర గెలిచిన జట్టు దాదాపు ఒక్కటే, ప్రత్యర్థీ ఒక్కడే. మారినది అమరిక, ఆత్మవిశ్వాసం. కనుక శిక్షకుని బుద్ధి గొప్పదే. కాని కుట్లు పడిన తలతో బరిలోకి దూకే జర్నైల్ సింగ్ లేనినాడు ఆ బుద్ధి ఏమి చేయగలదు? గురువు దారి చూపగలడు, నడవవలసిన కాళ్ళు శిష్యునివే.

1963 జూన్ 11న రహీం సాహెబు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్ళు నిండలేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో, అంటే ఆయన పోయిన ఇరవై రెండేళ్ళకు, ఏర్పడింది. 1970లో భారత్ ఆసియా క్రీడల్లో కాంస్యం పొందింది గాని, జకార్తా స్వర్ణం తరువాత 2023 హాంగ్‌ఝౌ క్రీడల వరకు మరొక స్వర్ణం రాలేదు. ఆయన కథతో 2024లో మైదాన్ అనే హిందీ చలనచిత్రం వెలువడిన తరువాతనే మన యువకులలో చాలామందికి ఆయన పేరు తెలిసింది.

జోగిపేట విద్యార్థులారా! పరీక్షలో తప్పినప్పుడు అధ్యాపకుని నిందించడం, అధ్యాపకుడు విద్యార్థిని నిందించడం మన మధ్యనూ ఉన్నదే. ఆ వాదంలో గెలిచినవారికి దక్కేదేమీ లేదు. హెల్సింకీ పది గోళ్ళను రహీం సాహెబు ఎవరి నెత్తినా రుద్దలేదు. వాటిని లెక్కపెట్టి, ఒక్కొక్కదాని కారణం వెదకి, దిద్దుకొన్నారు. మన మైదానంలో బంతి తన్నే ప్రతి బాలుడూ ఆయన బోధించినట్లు బలహీనమైన కాలితో అభ్యాసం మొదలుపెడితే, అదే ఆ ఉస్తాదుకు మనం సమర్పించగల నిజమైన నివాళి.