మూత లోపలి సంతకాలు: జే మైనర్ జీవిత విశేషాలు

మన ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయవలసిందిగా కార్యవర్గ మిత్రులు కోరారు. దేశనాయకుల గురించీ, సంఘ సంస్కర్తల గురించీ రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను కొంచెం వేరే దారి పట్టి, ఇళ్ళలోకి తొలిసారిగా వచ్చిన కంప్యూటర్లకూ, వాటి మీద ఆడిన ఆటలకూ ప్రాణం పోసిన జే మైనర్ అనే అమెరికన్ ఇంజనీరు గురించి రాస్తున్నాను. కంప్యూటర్ల చరిత్ర తెలిసినవారికి ఈ పేరు కొత్త కాదు. ఆ యంత్రాల మీద ఆడి పెరిగిన పిల్లలు ఇప్పుడు యాభై ఏళ్ళ వాళ్ళయినా, ఆ పాత యంత్రాలను బాగు చేయించుకుని దాచుకుంటున్నారు. ఎందుకింత మమకారం అని ఆరా తీస్తే, చివరకు ఈయన దగ్గరకు చేరాను.

జే మైనర్ 1932 మే 31న అరిజోనా రాష్ట్రంలోని ప్రెస్కాట్ అనే ఊరిలో జన్మించారు. యువకుడిగా అమెరికా తీరరక్షక దళంలో చేరి, అక్కడ ఎలక్ట్రానిక్స్ శిక్షణ పొందారు. తరువాత బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివి 1958లో ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నారు. ఎలక్ట్రానిక్ చిప్పులు అప్పుడప్పుడే పుడుతున్న రోజులవి. ఆయన ఆ విద్యను చేత్తో చేసి నేర్చుకుని, ఎన్నో కంపెనీలలో చిప్పులు రూపొందించారు. మూత్రపిండాల వ్యాధి మాత్రం జీవితంలో ఎక్కువ భాగం ఆయనను వెంటాడుతూనే ఉంది.

డెబ్బయ్యో దశకంలో ఆయన అటారీ కంపెనీలో చేరారు. 1977లో ఆ కంపెనీ విడుదల చేసిన వీడియో గేమ్ యంత్రానికి గుండెకాయ వంటి చిప్పు మైనర్ నాయకత్వంలో తయారైనదే. దాన్ని టీవీకి తగిలించి ఆడుకోవాలి. ఆ యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. అంటే మనం ఫుల్‌స్కేప్ కాగితం మీద టైపు చేస్తే రెండు పంక్తులకు వచ్చే అక్షరాలన్నమాట! అంత కొద్ది జాగాలో తెరకు సరిపడా బొమ్మ ఎలా పడుతుంది? టీవీ తెర మీద బొమ్మ పైనుంచి కిందకు ఒక్కొక్క గీతగా పడుతుంది కదా. ఏ గీత పడే వేళకు ఆ గీతకు కావలసింది మాత్రమే అందించే పద్ధతి పెట్టారు. బల్ల మీద చోటు లేని గుమాస్తా ఒక్కొక్క కాగితాన్నే తీసి, పని ముగించి పక్కన పెట్టినట్లే ఇది కూడా. ఆ రోజుల్లో మెమరీ చాలా ఖరీదు. పొదుపు కోసం చేసిన ఈ ఏర్పాటు వల్లనే ఆట యంత్రం మామూలు కుటుంబాలకు అందుబాటులోకి వచ్చింది. తరువాత 1979లో మార్కెట్టుకు వచ్చిన అటారీ 400, 800 అనే ఇంటి కంప్యూటర్ల చిప్పుల పనికీ ఆయనే నాయకుడు.

అంతలో మోటరోలా వారి 68000 అనే శక్తివంతమైన ప్రాసెసర్ వచ్చింది. దానితో సరికొత్త కంప్యూటరు చేద్దామని మైనర్ ప్రతిపాదించారు. యాజమాన్యం ఒప్పుకోలేదు. ఆయన ఉద్యోగం వదలి మరో చిప్పుల కంపెనీకి వెళ్ళిపోయారు.

1982లో అటారీలోని పాత సహచరుడు లారీ కప్లాన్ ఫోను చేసి కొత్త కంపెనీ పెడదామన్నారు. పెట్టుబడి పెట్టింది ఫ్లోరిడాకు చెందిన కొందరు దంతవైద్యులు. ఆటల వ్యాపారం ముమ్మరంగా ఉన్న కాలం గనుక వారు కోరింది ఆట యంత్రమే. మైనర్ సరేనన్నారు గాని, దానికి కీబోర్డూ డిస్కూ జోడిస్తే పూర్తి కంప్యూటరు కావాలని పట్టుబట్టారు. 1983లో అమెరికాలో వీడియో గేముల మార్కెట్టు కుప్పకూలింది. ఆట యంత్రమే చేసి ఉంటే కంపెనీ అప్పుడే మూతపడేది. మైనర్ పట్టుదల వల్ల చేతిలో ఒక కంప్యూటరు మిగిలింది. దాని పేరే అమీగా. స్పానిష్ భాషలో స్నేహితురాలు అని అర్థం.

డబ్బుకు మాత్రం కటకటే. జీతాలివ్వడానికి మైనర్ తన ఇంటిని రెండోసారి తాకట్టు పెట్టారు. పెళ్ళాం పిల్లలున్నవాడికి ఇల్లు తాకట్టు పెట్టడమంటే ఏమిటో మన వయసువారికి వేరే చెప్పనక్కరలేదు. పైగా ఆరోగ్యం అంతంత మాత్రం. 1984 జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనలో నమూనా యంత్రాన్ని చూపించారు. తెర మీద ఎర్ర తెల్ల గళ్ళ బంతి ఎగిరెగిరి పడుతుంటే చూసినవారు దాన్ని నడిపే కంప్యూటరు ఇంకెక్కడో దాచారేమోనని వెతికారట. అయినా డబ్బు రాలేదు. అటారీ దగ్గర 5 లక్షల డాలర్లు అప్పు తీసుకున్నారు. జూన్ నెలాఖరులోగా తీర్చకపోతే వారి శ్రమఫలమైన చిప్పులు అటారీకి పోయే షరతు. ఆఖరు ఘడియలో కమొడోర్ కంపెనీ ముందుకు రావడంతో అప్పు తీరింది. ఆ ఆగస్టులో కమొడోర్ అమీగా సంస్థను కొనేసింది.

1985 జూలై 23న న్యూయార్కులోని లింకన్ సెంటర్‌లో అమీగా విడుదలైంది. ప్రసిద్ధ చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేదిక మీదే, గాయని డెబీ హ్యారీ బొమ్మను ఆ యంత్రంతో గీసి చూపారు. ఖరీదు 1,295 డాలర్లు. 4,096 రంగులు, స్టీరియో ధ్వని, ఒకేసారి అనేక పనులు చేయగల ఏర్పాటు ఇందులో ఉండేవి. 1987లో వచ్చిన చౌక రకం అమీగా 500 యూరప్ దేశాలలో లక్షలాది ఇళ్ళకు చేరింది. గుంపులుగా నడిచి పోయే బుల్లి మనుషులను ప్రమాదాల నుంచి తప్పించే లెమింగ్స్ ఆట 1991లో వచ్చింది దీని మీదే.

నన్ను అన్నిటికంటే కదిలించిన విషయం మరొకటుంది. మొదటి అమీగా మూత విప్పితే, లోపలి వైపున దాన్ని తయారుచేసిన వారందరి సంతకాలూ అచ్చుపోసి ఉంటాయి. మైనర్ గారి పెంపుడు కుక్క మిచీ రోజూ ఆయనతో ఆఫీసుకు వచ్చేది. దాని పాదముద్ర కూడా ఆ సంతకాల మధ్య ఉంది. కొన్నవాడికి పైన కనిపించేది కంపెనీ పేరే. మరమ్మతు కోసం మూత తీసినవాడికే అసలు మనుషులు కనిపిస్తారు. మనమూ నోట్ ఫైలులో మార్జిన్ పక్కన పొట్టి సంతకం చేసిన వాళ్ళమే. ఉత్తర్వు పై అధికారి పేరుతో వెళ్ళేది. ఆ ఉత్తర్వుతో ఎవరికో పింఛనో, పట్టాయో అందేది. అందుకున్నవాడికి మన పేరు తెలియకపోయినా పని జరిగింది. అది మన తృప్తి. మైనర్ ఇంకో మెట్టు పైకి వెళ్ళి, తనతో పనిచేసిన అందరి పేర్లూ యంత్రం బతికున్నంత కాలం ఉండేటట్లు చేశారు.

కొంతకాలానికి కమొడోర్ యాజమాన్యం ఆయన బృందం పనిచేసే లాస్ గాటోస్ కార్యాలయాన్ని మూసివేసింది. ఆయన తరువాతి రోజుల్లో గుండె లయ తప్పితే సరిచేసే, శరీరంలో అమర్చే పరికరాలకు చిప్పులు రూపొందించారు. స్వయంగా డయాలిసిస్ మీద ఆధారపడిన మనిషి ఇతరుల గుండెల కోసం పనిచేశారు. సోదరి తన మూత్రపిండాన్ని దానం చేసి ఆయన ఆయుష్షు కొంత పొడిగించింది.

1994 ఏప్రిల్ 29న కమొడోర్ దివాళా తీసింది. రెండు నెలలైనా తిరగకుండా, జూన్ 20న, 62వ ఏట మైనర్ కన్నుమూశారు. ఆ కంపెనీ పోయింది, మైనర్ పోయారు. వార్హోల్ తన అమీగాతో గీసిన బొమ్మలు కొన్ని పాత ఫ్లాపీలలో మరుగున పడి ఉంటే, 2014లో నిపుణులు వాటిని వెలికి తీశారు. ఎక్కడైనా ఒక మొదటి అమీగా పాడై, ఎవరైనా మూత విప్పినప్పుడు ఆ సంతకాలూ, కుక్క పాదమూ ఇప్పటికీ చెక్కుచెదరకుండా పలకరిస్తాయి. చేసిన పని నిలిస్తే, చేసినవాడు నిలిచినట్లే.