అంధగాయకుడు ఒస్తాప్ వెరెసాయి

విద్య యనగా అక్షరజ్ఞానమే యని లోకము తలచును. అక్షరమును కంటితో చూడజాలని యొక సంచార గాయకుడు తన జాతిగాథలను హృదయమున దాచి పండితుల కందించిన వృత్తాంతము మన గ్రంథాలయ పాఠకులు తెలిసికొనదగినది. ఆతని పేరు ఒస్తాప్ వెరెసాయి. ఆతని దేశము నల్లసముద్రమునకు ఉత్తరముననున్న ఉక్రెయిన్.

వెరెసాయి 1803లో పొల్తావా సీమలోని కలూజింత్సి గ్రామమున జన్మించెను. ఆ కాలమున ఆ సీమ రష్యా చక్రవర్తుల యేలుబడిలో నుండెను. తల్లిదండ్రులు భూస్వామికి కట్టుబడిన దాస్యజనులు. తండ్రియు అంధుడే; ఫిడేలు వాయించి పొట్టపోసికొనెడివాడు. ఒస్తాప్ 4వ యేట చూపు కోల్పోయెను. అట్టి బీదబాలునకు పాటయే దిక్కు. 15వ యేట గురుకులవాసము నారంభించి, పలువురు గురువుల నాశ్రయించి విద్య గడించెను.

ఈ సంచార గాయకులను కోబ్జారు లందురు. వారి వాద్యము కోబ్జా. మన వీణకు వలెనే దానికిని కుండయు దండియు కలవు. వెరెసాయి కోబ్జాకు 12 తంత్రులు. ఆరు దండి వెంబడి, ఆరు కుండపై ప్రక్కగా నుండెడివి. అంధగాయకులు సంఘములుగా నేర్పడి, శిష్యరిక నియమములను, పరులకు తెలియని రహస్యభాషను కలిగియుండిరి. సంతలలోను, దేవాలయముల వాకిళ్ళయందును పాడి, ఇచ్చినది పుచ్చుకొని ముందునకు సాగిపోయెడివారు.

వారి గానమునకు తలమానికము దూమ యను వీరగాథ. దాని పాదములు సమానముగా నుండవు. దుఃఖ మెంత దూరము సాగిన పాదమంత దూరము సాగును. సగము చదువు, సగము రాగము. వెరెసాయికి పేరు తెచ్చిన దూమలలో అజోవ్ కోటనుండి పారిపోయిన ముగ్గురన్నదమ్ముల కథ యొకటి. తురుష్కుల చెరనుండి తప్పించుకొన్న యిద్దరన్నలకు గుఱ్ఱములు కలవు. చిన్నవాడు కాలినడకను వారి వెంట పరుగిడును. తన్నెక్కించుకొనుమని వేడినను వారు వినరు. దారి తెలియుటకై ముండ్లకొమ్మలు విఱిచి వేయుడని కోరగా నడిమివాడు కనికరించి యట్లే చేయును. పొదలు లేనిచోట తన యంగీ చించి గుడ్డపేలికలు విడుచుచు పోవును. తుదకు తమ్ముడు ఆకలిదప్పులతో నిర్జనమైదానమున ప్రాణము విడుచును. అన్నదమ్ముల పంపకములు చూచిన గ్రామస్థులకు ఈ కథ పరాయిది కాదు.

దాస్యజనుల యింట పుట్టి మహాకవియైన తరాస్ షెవ్చెన్కో, 1860లో తన కోబ్జార్ కావ్యసంపుటిని వెరెసాయిని సోదరునిగా సంబోధించి చేవ్రాలుతో బహూకరించెను. చదువలేని చేతులకు అందిన ఆ పుస్తకము ఎంత గౌరవచిహ్నమో ఊహింపవచ్చును.

1873లో కీవ్ నగరమున భూగోళ పరిశోధక సంఘపు శాఖలో ఆతడు పండితుల యెదుట పాడెను. సంగీతవేత్త మికోలా లీసెన్కో ఆతని గానమును స్వరపఱచి, దాని లక్షణములను వివరించి వ్యాసము సమర్పించెను. అది 1874లో అచ్చయ్యెను. 1875లో వెరెసాయి రష్యా రాజధానియైన పీటర్స్‌బర్గునకు పోయి రాజప్రాసాదమునను గానము చేసెను. మరుసటి యేడే, 1876లో, చక్రవర్తి రెండవ అలెగ్జాండరు ఉక్రెయిన్ భాషలో గ్రంథముద్రణమును మిక్కిలి కట్టుదిట్టము చేసెను. స్వరములతో కూడిన పాటల యచ్చును నిషేధించెను. కీవ్ శాఖయు మూతపడెను. లీసెన్కో పని రెండుమూడేండ్లు వాయిదాపడియుండిన, ఆ స్వరములు అచ్చెక్కుట దుర్లభమయ్యెడిది.

వెరెసాయి 1890లో సొకిరింత్సి గ్రామమున కన్నుమూసెను. 1908లో ఫిలారెత్ కొలెస్సా యను పండితుడు పొల్తావా సీమ గాయకుల దూమలను ఫోనోగ్రాఫు యంత్రమున పట్టించెను. 1930ల నాటి కఱవువలనను, ప్రభుత్వ నిర్బంధములవలనను సంచార గాయకుల పరంపర దాదాపు తెగిపోయెను. తరువాతివారు దానిని మరల నిలుపుకొనుటకు ఈ వ్రాతలును, పట్టించిన పాటలును ఆధారములైనవి.

నోటిలో నున్నది నోటితోనే పోవును. కాగితమున కెక్కినది మనుమలకు దక్కును. పల్లెలలో కథలు చెప్పెడి వృద్ధులు నేడును కలరు. ఆ వృద్ధుల యొద్ద కూర్చుండి వారి పాటలను వ్రాసికొని ఈ బీరువాలలో భద్రపఱచుట, రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయమునకు తగిన కార్యము.