దూరానికి కొలత కట్టిన మహలనోబిస్

మన కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల పల్లెలలో పాతతరం పెద్దలు పంటను అణాలలో చెప్పేవారు. పదహారణాలంటే నిండు పంట. ఎనిమిదణాలంటే సగం పంట. పట్వారీ గట్టు మీద నిలబడి కంటితో చూసి వేసిన అంచనా మీద రైతు శిస్తు రాయితీ ఆధారపడిన రోజులున్నవి. కంటి అంచనా స్థానంలో లెక్కను నిలబెట్టాలని మన దేశంలో పట్టుబట్టిన వారిలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు ప్రముఖులు. అయితే గణాంకశాస్త్ర విద్యార్థికి వారి పేరు మొట్టమొదట పరిచయమయ్యేది పంటల వల్ల కాదు, ‘దూరం’ వల్ల. ఆ దూరం కథనే ఇక్కడ ముఖ్యంగా చెప్పదలచాము.

వారు 1893 జూన్ 29న కలకత్తాలో బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చదివి, ఉన్నత విద్యకై కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరారు. అక్కడ శ్రీనివాస రామానుజన్‌తో స్నేహం కలిగింది. 1915లో చదువు ముగించుకొని స్వదేశానికి బయలుదేరబోగా, ప్రపంచయుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీ రోజులలో మెకాలే అనే అధ్యాపకుడు (మన చదువుల చరిత్రలో తరచుగా వినవచ్చే మెకాలే వేరు) గ్రంథాలయంలో ‘బయోమెట్రికా’ పత్రిక సంపుటాలను ఆయనకు చూపించారు. మహలనోబిస్ ఆ సంపుటాలను కొని, ఓడ ప్రయాణంలోనే చదవనారంభించారు. యుద్ధం ఒక ఓడను ఆపకపోతే మన దేశంలో గణాంకశాస్త్రం గతి ఎట్లుండేదో!

ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన బోధించినది భౌతికశాస్త్రమే. గణాంకాలు తీరిక వేళల పని. 1920లో నాగపూరులో జరిగిన సైన్సు కాంగ్రెసులో జంతుశాస్త్ర సర్వే అధిపతి అన్నండేల్ గారితో పరిచయమైంది. కలకత్తాలోని ఆంగ్లో ఇండియనుల శరీర కొలతలు అన్నండేల్ వద్ద పోగుపడి ఉన్నవి; వాటి నుండి అర్థం తీయమని ఆయన మహలనోబిస్‌ను కోరారు. 1922లో వెలువడిన ఆ పరిశీలనలో ఎదురైన ప్రశ్నే వారిని పదునాలుగేళ్లు వెంటాడింది. రెండు జనసమూహాలు ఒకదానికొకటి ఎంత దగ్గర, ఎంత దూరం?

ఈ ప్రశ్న అమాయకమైనది కాదు. అంతకు ముందే రిస్లీ అనే ఆంగ్ల అధికారి ముక్కు పొడవు వెడల్పుల నిష్పత్తిని చూపి కులాలకు హెచ్చుతగ్గులు నిర్ణయించబూనుకొన్నాడు. ఒక్క ముక్కుతో మనుషులకు మెట్లు కట్టిన ఆ విద్య ప్రభుత్వ గ్రంథాలలోకి కూడా ఎక్కింది. మహలనోబిస్ 1933లో రిస్లీ అంకెలను తిరిగి పరిశీలించి, అందలి తప్పులను సరిదిద్ది ప్రకటించారు. ప్రభువుల గ్రంథంలోని లెక్కకు తప్పు పట్టడం ఆ కాలంలో చిన్న సంగతి కాదని మా అభిప్రాయం.

ఒక్క కొలత చాలదు సరే. పది కొలతలను కూడితే సరిపోతుందా? అక్కడే చిక్కు. ఎత్తైన మనిషికి చేతులు కూడా పొడుగ్గా ఉండటం సహజం. ఎత్తులోని తేడాను ఒకసారి, చేతి పొడవులోని తేడాను మరొకసారి కలిపితే ఒకే తేడాను రెండు మార్లు లెక్కించినట్లే. పైగా ఏ కొలతకు ఎంత విలువ ఇవ్వాలి? ఒకే ఊరివారిలోనే ఎత్తు అరడుగు మేర అటూ ఇటూ ఉండగా, రెండు ఊళ్ల సగటులో అంగుళం తేడాకు అంత బలం లేదు. మనిషికీ మనిషికీ అంతగా మారని కొలతలో కొద్దిపాటి తేడా వచ్చినా అది గమనించదగినదే. కార్ల్ పియర్సన్ వంటి ఉద్దండుని కొలమానం కూడా కొలతల మధ్య ఉన్న ఈ పరస్పర సంబంధాన్ని లెక్కలోకి తీసుకొనలేదు. మహలనోబిస్ 1930లో దానిపై వ్యాసం ప్రకటించి, 1936 నాటికి తమ సూత్రానికి పూర్తి రూపమిచ్చారు. అదే ‘డి స్క్వేర్’ అనబడే మహలనోబిస్ దూరం.

ఈలోగా 1931 డిసెంబరులో ప్రెసిడెన్సీ కళాశాల గదిలోనే భారత గణాంకశాస్త్ర సంస్థకు అంకురార్పణ జరిగింది. 1933లో ‘సంఖ్య’ పత్రిక వెలిసింది. 1941లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన ఒక తెలుగు యువకుడు ఉద్యోగాన్వేషణలో కలకత్తా వెళ్లి ఆ సంస్థలో చేరాడు. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకమెరిగిన సి. ఆర్. రావు. 1946లో మహలనోబిస్ ఆయనను కేంబ్రిడ్జికి పంపారు. సూడాన్‌లోని జెబెల్ మోయా త్రవ్వకాలలో బయల్పడిన ప్రాచీన మానవుల ఎముకలను గురువుగారి దూర సూత్రంతో పరిశీలించడం ఆయన పని. 1949లో గురుశిష్యులు మానవశాస్త్రజ్ఞుడు మజుందార్‌తో కలిసి, ఉత్తరప్రదేశ్‌లోని ఇరవైకి పైగా సమూహాల కొలతలపై పెద్ద అధ్యయనం ప్రకటించారు. పరస్పరం దగ్గరగా ఉన్నవాటిని గుంపులుగా చేర్చే పద్ధతి రావుగారి 1952 నాటి గ్రంథంలో టోచర్ పేరుతో స్థిరపడింది. తరువాత కంప్యూటర్లు చేపట్టిన సమూహీకరణకు, విస్తార సమాచారం నుండి అర్థం వెలికితీసే విద్యకు ఇటువంటి పనులే పూర్వరంగం.

ఇక్కడొక మాట దాచరాదు. శరీర కొలతలతో జాతులను విభజించే ఆలోచనకు నేడు శాస్త్రలోకంలో విలువ లేదు. హైమెన్‌డార్ఫ్ మన ఆదిలాబాదు గోండులను తెలుసుకొనుటకు మార్లవాయి గూడెంలో భార్యతో నివాసముండి వారి భాష, ఆచారాలు నేర్చారు. మహలనోబిస్ దూరం అటువంటి తెలివిని ఇవ్వజాలదు. అది అంకెల మధ్య దూరమే.

పంటల విషయానికి వస్తే, 1937 నుండి బెంగాలు జనపనారపై వారు నమూనా సర్వేలు నడిపారు. అక్కడక్కడ పొలాలను యాదృచ్ఛికంగా ఎంచి, అందులో చిన్న వృత్తం మేర పంట కోయించి తూకం వేయించేవారు. ఒకే పనిని రెండు బృందాలకు విడివిడిగా అప్పగించి, తేడా వస్తే ఎక్కడ తప్పు జరిగిందో పట్టుకొనేవారు. దేశమంతటి జాతీయ నమూనా సర్వే 1950లో ఈ అనుభవం మీదనే మొదలైంది. 1956 నాటి రెండవ ప్రణాళికకు వారే రూపశిల్పి. భారీ పరిశ్రమల మోజులో సేద్యాన్ని వెనుకకు నెట్టారన్న విమర్శ ఉన్నది, అది నిరాధారం కాదని మేమూ అనుకొంటాము.

1945లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1968లో పద్మవిభూషణ్ వారిని వరించాయి. 1972 జూన్ 28న, డెబ్బది తొమ్మిదవ పుట్టినరోజుకు సరిగ్గా ఒక దినం ముందు కన్నుమూశారు. 2007 నుండి వారి జన్మదినాన్ని దేశం గణాంక దినంగా పాటిస్తున్నది.

మనుషుల తలలు కొలవడానికి పుట్టిన సూత్రం ఇప్పుడు ధాన్యపు గింజలను కొలుస్తున్నది. వ్యవసాయ విద్యార్థులు వరి, పత్తి రకాల మొక్క ఎత్తు, పూతకాలం, గింజ బరువు వంటి కొలతలు తీసి, డి స్క్వేర్ లెక్కగట్టి, ఒకదానికొకటి దూరమైన గుంపుల నుండి తల్లి మొక్కనూ తండ్రి మొక్కనూ ఎంచుకొంటారు. జగిత్యాల పొలాస పరిశోధన కేంద్రాన్ని చూడబోయే మా విద్యార్థులు అక్కడి వరి మళ్ల మధ్య నిలబడినప్పుడు, ఏ రకానికి ఏ రకం ఎంత దూరమో అడిగి తెలుసుకొనవలెనని కోరుతున్నాము.