మూషికమిత్ర బియాట్రిక్స్ పాటర్

పలాస, టెక్కలి ప్రాంతాల నుండి తూర్పు సముద్రతీరం వరకు వ్యాపించిన పచ్చని సీమకు ఉద్దానమని పేరు. ఉద్యానమనే మాటే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో అలరారే ఈ సీమలో రైతుకూ ఎలుకకూ వైరం ఏనాటి నుండో ఉన్నది. చెట్టెక్కి లేత కాయలను తొలిచివేసే ఎలుకను ఆపడానికి కొబ్బరి మానుకు నునుపైన రేకును పట్టీగా చుట్టడం రైతులకు తెలిసిన ఉపాయం. పొలం గట్లను గుల్లచేసే పందికొక్కు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగువారు దానికి పెట్టిన పేరే ఆంగ్లభాషలోకి వెళ్ళి బాండికూట్‌గా మారింది. అయినా అదే మూషికం వినాయక చవితినాడు విఘ్నేశ్వరుని వాహనంగా పూజలందుకుంటుంది. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికలో హిరణ్యకుడనే ఎలుక వలలో చిక్కిన పావురాలను విడిపించి స్నేహధర్మానికి ఆదర్శంగా నిలిచింది. పంటకు శత్రువైన ప్రాణి కథలో మిత్రుడు కావడం తెలుగువారికి పరిచితమైన విషయమే. ఈ శత్రుత్వాన్నీ, ఆ మైత్రినీ రెండింటినీ స్వయంగా అనుభవించి, వాటిని ప్రపంచంలోని పిల్లలందరికీ కథలుగా అందించిన రచయిత్రి బియాట్రిక్స్ పాటర్.

బియాట్రిక్స్ 1866 జూలై 28న లండన్ నగరంలోని కెన్సింగ్టన్ ప్రాంతంలో జన్మించింది. తండ్రి రూపర్ట్ పాటర్ న్యాయశాస్త్రం అభ్యసించినవాడు. తల్లి పేరు హెలెన్. ఇరువైపుల కుటుంబాలకూ లాంకషైర్ ప్రాంతపు నూలు పరిశ్రమ వల్ల సంపద సమకూరింది. ఆ ఇంట్లో దేనికీ లోటు లేదు. తోడు మాత్రం లేదు. ఆనాటి సంపన్న కుటుంబాల ఆచారం ప్రకారం బాలికను పాఠశాలకు పంపలేదు. ఇంటి పై అంతస్తులోని గదిలో ఉపాధ్యాయురాలి వద్దనే ఆమె విద్యాభ్యాసం సాగింది. ఆరేళ్ళ తరువాత పుట్టిన తమ్ముడు బెర్ట్రామ్ ఒక్కడే ఆమెకు ఆటల తోడు. అతడు కూడా చదువుకోసం దూరప్రాంతానికి వెళ్ళిపోయిన తరువాత ఆ గదిలోని మూగజీవులే ఆమెకు బంధువర్గమైనాయి. కుందేళ్ళు, కప్పలు, బల్లులు, గబ్బిలాలు, చుంచెలుకలు ఒక్కొక్కటిగా అక్కడికి చేరాయి. వేసవిలో కుటుంబం స్కాట్లండుకు, తరువాతి కాలంలో సరస్సుల సీమకు విడిదికి వెళ్ళేటప్పుడు వాటిలో కొన్ని పెట్టెలలో ఆమె వెంట ప్రయాణం చేసేవి.

ప్రాణులను పెంచేవారు సాధారణంగా వాటిని ముద్దుచేస్తారు. బియాట్రిక్స్ ముద్దుచేయడంతో ఆగలేదు. వాటిని ఓపికగా పరిశీలించింది. కుందేలు చెవి ఏ భావంతో ఏ వైపు తిరుగుతుందో, చుంచెలుక గింజను ముందరి కాళ్ళతో ఎలా పట్టుకొంటుందో గంటల తరబడి చూచి చిత్రించింది. పెంచిన ప్రాణి మరణించినప్పుడు శోకించింది. అయినా, అక్కాతమ్ముళ్ళు కొన్నిటి అస్థిపంజరాలను శుభ్రపరచి, ఎముకల అమరికను కూడా బొమ్మగా గీసుకొన్నారు. వినడానికి ఇది కఠినంగా తోచవచ్చు. కాని మరణించిన ప్రాణి నుండి ముఖం తిప్పుకోకుండా, దానిని చివరివరకు తెలుసుకోవడం కూడా ప్రేమలో భాగమేనని ఆమె జీవితం తెలుపుతుంది. ఈ రోజులలోనే ఆమె తాను కల్పించుకొన్న రహస్య లిపిలో దినచర్య రాయసాగింది. ఆమె మరణానంతరం 1958లో లెస్లీ లిండర్ అనే పరిశోధకుడు ఎంతో శ్రమించి ఆ లిపి గుట్టు విప్పేవరకు దానిని ఎవరూ చదవలేకపోయారు.

సూక్ష్మపరిశీలన ఆమెను విజ్ఞానశాస్త్రం వైపు నడిపించింది. పుట్టగొడుగుల బీజాలు మొలకెత్తే తీరును గురించి ఆమె రాసిన పత్రాన్ని 1897 ఏప్రిల్‌లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీకి సమర్పించారు. స్త్రీలకు ఆ సభలో ప్రవేశం లేనందువల్ల రచయిత్రి అక్కడకు వెళ్ళలేకపోయింది. ఆ పత్రం అచ్చుకు నోచుకోలేదు. ఆమె పట్ల జరిగిన అనుచిత ప్రవర్తనను ఆ సంస్థ సరిగ్గా నూరేళ్ళ తరువాత, 1997లో, అంగీకరించింది. కాని అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. విజ్ఞానశాస్త్రం మూసిన తలుపును ఆమె తట్టుతూ కూర్చోలేదు. తన చూపును, కుంచెను కథల వైపు మళ్ళించింది.

ఆ కథలకు బీజం అంతకుముందే పడింది. తన పూర్వ ఉపాధ్యాయురాలి కుమారుడు నోయెల్ మూర్ అనారోగ్యంతో మంచం పట్టినప్పుడు అతనికి కాలక్షేపంగా ఉండేందుకు 1893 సెప్టెంబరు 4న ఆమె బొమ్మలతో కూడిన ఉత్తరం రాసింది. తాను పెంచుతున్న పీటర్ అనే కుందేలే అందులో కథానాయకుడు. తరువాత ఆ ఉత్తరాన్ని పుస్తకంగా విస్తరించి ప్రచురణకర్తలకు పంపగా వారు తిరస్కరించారు. 1901 జనవరిలో పీటర్ మరణించింది. తొమ్మిదేళ్ళు తన వెంట ఉండిన నేస్తం పోయిన ఆ సంవత్సరమే డిసెంబరులో ఆమె సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చు వేయించింది. 1902లో ఫ్రెడరిక్ వార్న్ సంస్థ ఆ పుస్తకాన్ని వెలువరించింది. సంవత్సరాంతానికి 28,000 ప్రతులు అచ్చయినాయి. కుందేలు గతించింది, దాని పేరు మాత్రం ఇంటింటికీ చేరింది.

బియాట్రిక్స్ పెంచిన ప్రాణులలో తెల్లని బొచ్చు, గులాబి రంగు కన్నులు గల సామీ అనే ఎలుక ఒకటి. ఎలుకను చూడగానే చీపురు అందుకొనే సమాజంలో ఎలుకను పెంచడం వింతగానే కనిపిస్తుంది. నిజానికి ఆ కాలంలో ఇంగ్లండులో ఈ అభిరుచి మెల్లగా వేళ్ళూనుతున్నది. 1901లో అక్కడి ఎయిల్స్‌బరీ పట్టణంలో జరిగిన ప్రదర్శనలో చుంచెలుకలతో పాటు పెంపుడు ఎలుకలకూ స్థానం లభించింది. మచ్చికైన ఎలుక తనను పెంచినవారిని గుర్తిస్తుంది. వారి చేతిమీదికి, భుజంమీదికి నిర్భయంగా ఎక్కుతుంది. ముందరి కాళ్ళతో ముఖం తుడుచుకొంటూ శుభ్రంగా ఉంటుంది. దొరికిన వస్తువునల్లా మూలకు చేర్చి దాచుకోవడం దాని స్వభావం. సామీ కూడా ప్రేమలోనూ, దొంగతనంలోనూ సమానంగా ఆరితేరినదే. అయితే ఈ స్నేహంలో తప్పించుకోరాని విషాదం ఒకటి ఉన్నది. ఎంత శ్రద్ధగా పెంచినా ఎలుక ఆయువు రెండు మూడేళ్ళే. ఎలుకను ఇంటికి తెచ్చుకొన్నవారు దాని ఎడబాటును కూడా ఆనాడే ఇంటికి తెచ్చుకొన్నట్లు లెక్క. బియాట్రిక్స్ ఆ సత్యాన్ని ఎరిగియుండియే మళ్ళీ మళ్ళీ చిన్న ప్రాణులను చేరదీసింది.

1903లో ఆమె గ్లాస్టర్‌షైర్‌లోని బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు వంటగదిలోని బోనులో రెండు చుంచెలుకలు చిక్కాయి. వాటికి చావు తప్పదని గ్రహించిన ఆమె రెండింటినీ రక్షించి తనతో తెచ్చుకొన్నది. వాటికి హంకా మంకా, టామ్ థంబ్ అని పేర్లు పెట్టింది. బొమ్మరింటిలో ప్రవేశించి అల్లరిచేసే రెండు చుంచెలుకల కథను వాటి ఆధారంగానే రాసింది. 1904లో వెలువడిన ఆ పుస్తకం తయారీలో ప్రచురణ సంస్థకు చెందిన నార్మన్ వార్న్ ఆమెకు ఎంతో తోడ్పడ్డాడు. చుంచెలుకల కదలికలను చూస్తూ బొమ్మలు గీయడానికి వీలుగా అద్దం బిగించిన చిన్న ఇంటిని తన చేతులతో తయారుచేసి ఇచ్చాడు. ఆ సహకారం క్రమంగా అనురాగంగా పరిణమించింది.

1905వ సంవత్సరం ఆమె జీవితంలో మరువరానిది. పైకప్పుకు వేలాడే దీపాల గుత్తి మీద నుండి హంకా మంకా జారిపడింది. గాయపడిన ఆ ప్రాణి తూలుతూనే తన అద్దాల ఇంటి మెట్లెక్కి లోనికి చేరింది. కొద్ది నిమిషాలకే బియాట్రిక్స్ అరచేతిలో ప్రాణం విడిచింది. అది పడిపోకుండా కాపాడలేకపోయిన తనను తాను క్షమించుకోలేనని ఆమె నార్మన్‌కు లేఖ రాసింది. గతించిన చుంచెలుకకు గుర్తుగా ఒక చిన్న బొమ్మను కుట్టుకొన్నది. ఆ జూలై మాసంలోనే నార్మన్ ఆమెను వివాహమాడగోరాడు. వ్యాపార కుటుంబీకుడనే కారణంతో ఆమె తల్లిదండ్రులు ఈ సంబంధాన్ని వ్యతిరేకించారు. ముప్పైతొమ్మిదేళ్ళ ఆమె తన నిర్ణయానికి కట్టుబడింది. కాని ఆగస్టు 25న నార్మన్ రక్తసంబంధమైన వ్యాధితో అకస్మాత్తుగా మరణించాడు. చుంచెలుకకు ఇల్లు కట్టి ఇచ్చిన చేతులు ఆమెకు శాశ్వతంగా దూరమైనాయి.

ప్రేమించిన ప్రాణులు కళ్ళ ముందే రాలిపోవడం ఎంతటి దుఃఖమో టెక్కలి సమీపంలోని తేలినీలాపురం గ్రామస్థులకు తెలుసు. ఏటా దూరప్రాంతాల నుండి వచ్చి ఊరి చెట్లపై గూళ్ళు కట్టుకొనే గూడబాతులను, రంగురంగుల కొంగలను వారు తమ ఇంటి బిడ్డలుగా చూచుకొంటారు. 2021-22 శీతకాలంలో పరాన్నజీవులైన పురుగులు సోకి వందకు పైగా గూడబాతులు మరణించినప్పుడు ఊరంతా తల్లడిల్లింది. దుఃఖం కలిగినదని వారు పక్షులను ప్రేమించడం మానుకోలేదు. బియాట్రిక్స్ మార్గం కూడా ఇటువంటిదే. ఆమె శోకంతో కుంగిపోక, పుస్తకాల మీద వచ్చిన ఆదాయానికి బంధువు విడిచివెళ్ళిన కొద్ది సొమ్మును జతచేసి, 1905లోనే సరస్సుల సీమలోని సారే గ్రామంలో హిల్‌టాప్ అనే వ్యవసాయ క్షేత్రాన్ని కొన్నది.

అక్కడ ఆమెకు ఎలుకల రెండవ రూపం ఎదురైంది. పాతకాలపు ఆ ఇంటి గోడలలో ఎలుకలు గుంపులుగా కాపురమున్నాయి. సామీని ప్రేమించినంత మాత్రాన ఆమె వాటికి ఇంటిని అప్పగించలేదు. తలుపుల అడుగున జింకు రేకులు కొట్టించింది. గోడల మొదళ్ళకు సిమెంటు చేయించింది. ఇంట పిల్లులను చేర్చడమూ జరిగింది. కొబ్బరి మానుకు రేకు చుట్టే ఉద్దానం రైతుకు ఆమె అవస్థ విడమరచి చెప్పనక్కరలేదు. ఈ పోరాటం నుండే 1908లో మరొక కథ పుట్టింది. సామ్యూల్ విస్కర్స్ అనే ముసలి ఎలుక, దాని భార్య కలిసి ఒక పిల్లికూనను పట్టుకొని పిండిలో చుట్టి వండుకోబోతాయి. గుట్టు బయటపడగానే తోపుడుబండి నిండా మూటలు సర్దుకొని పారిపోతాయి. ఆ కథకు రంగస్థలం హిల్‌టాప్ ఇల్లే. ఎలుకలు దొంగిలించిన తోపుడుబండి కూడా రచయిత్రిదే. తన ఇంటిని కొల్లగొట్టిన జాతిని గురించిన ఆ పుస్తకాన్ని ఆమె గతించిన సామీ స్మృతికే అంకితం చేసింది. అందులో దాని తెలివిని, ఆప్యాయతను మెచ్చుకొంటూనే దాని చౌర్యాన్ని కూడా ప్రస్తావించింది. మిత్రుని గుణాలను కొనియాడుతూ దోషాలను దాచకపోవడం ఆమె సత్యనిష్ఠకు నిదర్శనం.

1913లో ఆమె విలియం హీలిస్ అనే న్యాయవాదిని వివాహమాడింది. క్రమంగా రచన తగ్గించి వ్యవసాయంలో మునిగింది. కొండలపై తిరిగే హెర్డ్‌విక్ జాతి గొర్రెలు అంతరించిపోకుండా వాటి మందలను వృద్ధిచేసి, ఆ జాతి పెంపకందారులలో గౌరవస్థానం సంపాదించింది. 1943లో వారి సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికైనా పదవి స్వీకరించకముందే, ఆ ఏడాది డిసెంబరు 22న, తన 77వ ఏట కన్నుమూసింది. 4,000 ఎకరాలకు పైగా భూమిని, అందులోని వ్యవసాయ క్షేత్రాలను నేషనల్ ట్రస్టుకు అప్పగించింది. తన కొండ పొలాలలో హెర్డ్‌విక్ మందలనే కొనసాగించాలని వీలునామాలో కోరింది.

పెంచిన ప్రాణి ఏదో ఒకనాడు పోతుందని తెలిసి కూడా పెంచడానికి గుండెధైర్యం కావాలి. ఆ ధైర్యం బియాట్రిక్స్‌కు ఒంటరి బాల్యంలోనే అలవడింది. కుందేలు పోయినా, చుంచెలుక పోయినా, ప్రియమైన మనిషే పోయినా ఆమె ప్రేమించడం మానలేదు. హాని చేసే ఎలుకను తలుపు దగ్గరే నిలువరించింది. అరచేతిలోకి వచ్చిన ఎలుకను ఆదరించింది. ఈ రెండింటికీ మధ్య గల తేడాను ఎరిగి ప్రవర్తించడమే వివేకం. రెండు మూడేళ్ళు మాత్రమే జీవించే అల్పప్రాణిని చూచి కూడా నేర్చుకోవలసినది ఉన్నదని గ్రహించినందువల్లనే, ఆమె పెంచిన ఎలుకలు నూరేళ్ళు దాటినా పుటలలో పరుగులు తీస్తూనే ఉన్నాయి.