పాముల డాక్టరు పాట్రిక్ రస్సెల్

నాలుగు వానలు పడ్డ తరువాత ఒక రాత్రి హసన్‌పర్తి చెరువు కట్ట మీదికి పోయి చూడండి. బోదురుకప్పల అరుపులతో చెవులు గింగురుమంటాయి. జంతుశాస్త్ర విద్యార్థులం నలుగురం టార్చిలైట్లు పట్టుకొని అట్లాగే వెళ్లాము. తూము దగ్గర ఒక పాము కప్పను మింగుతూ కనిపించింది. నేను కర్ర ఎత్తాను. తూము చూడవచ్చిన ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. అది నీరుకట్టె అట, విషం లేనిదట. పుస్తకాలు చదివిన నాకు దాని పేరు తెలియనందుకు సిగ్గు వేసింది.

ఆ రాత్రే నాకు డాక్టర్ పాట్రిక్ రస్సెల్ గుర్తుకు వచ్చాడు. ఎడింబరోలో పుట్టిన ఈ వైద్యుడు సిరియాలోని అలెప్పోలో ఏండ్ల తరబడి పనిచేసి, ప్లేగు రోగులకు చికిత్స చేశాడు. 1781లో, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగియైన సోదరుడు క్లాడ్ వెంట విశాఖపట్నం చేరాడు. 1785లో కేనిగ్ మరణించగా, ఆయన స్థానంలో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు.

పాముకాటుకు వైద్యం చేయాలంటే ముందు విషపు పాము ఏదో, కానిది ఏదో తెలియాలని రస్సెల్ తలచాడు. పాములను తెప్పించి కోరలు పరీక్షించాడు. కుక్కలను, కోళ్లను కరిపించి విషం పనిచేసే తీరు వ్రాసుకున్నాడు. నేటి మన దృష్టికి అది క్రూరంగానే తోస్తుంది. కాని ఆయన చూసిన పాములలో విషం గలవి కొద్దిగానే ఉన్నాయని దానివల్లనే తేలింది.

1789లో స్వదేశం వెళ్లి, 1796లో కోరమండల్ తీరపు పాముల మీద బొమ్మలతో పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో మన తెలుగు పేర్లే ఉన్నాయి! రక్తపింజరిని కాటుక రేకుల పొడ అని నమోదు చేశాడు. బంగారు పాము అన్న మాట నుండే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. ఆ పేర్లు చెప్పినవారు మన పెద్దాయన వంటివారే అయి ఉంటారు. రక్తపింజరికి మాత్రం లోకం రస్సెల్ పేరు పెట్టింది.

ఆయన 1805లో కన్నుమూశాడు. విషానికి విరుగుడు సీరం 1890లలో గాని రాలేదు. ఇప్పుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి కాట్లకు ఆసుపత్రిలో ఒకే మందు ఉన్నది. కరిస్తే మంత్రగాని దగ్గరికి కాదు, అక్కడికే పరుగెత్తాలి.

మిత్రులారా, రాత్రిపూట కట్ట మీదికి పోతే బూట్లు తొడుక్కోండి, టార్చి మరువకండి. పాము కనిపిస్తే దూరంగా నిలబడి దాని పేరు ఎవరినైనా అడగండి. కర్ర మాత్రం ఎత్తకండి.