ఎర్ర వెలుగు రహస్యం చెప్పిన తిమిర్యాజెవ్

గట్టు మీద చెట్టు నీడ పడే మూల పైరు ఎందుకు పాలిపోతుందో మన కూలీలకు వేరే చెప్పనక్కర్లేదు. ఎండ చాలదు. కానీ ఆ ఎండలో ఏ రంగు ఆకుకు అక్కరకొస్తుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ముప్పై అయిదేళ్లు కూచున్న మనిషి రష్యాకు చెందిన క్లిమెంట్ తిమిర్యాజెవ్. మన సంఘాల్లో ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

1843లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతుండగా విద్యార్థుల ఆందోళన వచ్చింది. ఇకపై ఇలాంటి వాటి జోలికి పోనని సంతకం పెట్టమంది జార్ ప్రభుత్వం. ఆయన పెట్టలేదు. బయటికి గెంటారు. బయటి విద్యార్థిగా పాఠాలు విని 1866లో చదువు ముగించారు.

సూర్యకాంతిని పట్టకం గుండా పంపితే ఏడు రంగులుగా విడిపోతుంది. మన కంటికి అందులో పసుపు బాగా మెరుస్తుంది. ఆకుకు కూడా పసుపే ముఖ్యమని అప్పటి పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు నమ్మారు. తిమిర్యాజెవ్‌కు అనుమానం వచ్చింది. వాళ్లు వెలుగును వెడల్పాటి సందులోంచి పంపుతున్నారు, దాంతో రంగులు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతున్నాయి. సందును సన్నం చేస్తే రంగులు విడివిడిగా పడతాయి గానీ వెలుగు తగ్గుతుంది, ఆకు వదిలే గాలి కూడా చుక్కంతే. ఆ చుక్కను కొలిచే పనిముట్లు ఆయనే తయారు చేసుకున్నారు. తేలిందేమిటంటే, ఆకులోని పత్రహరితం ఎక్కువగా తాగేది ఎరుపునే, ఆకు పని జోరుగా సాగేదీ ఎరుపులోనే. ఆకుపచ్చను చాలావరకు వెనక్కి కొడుతుంది కాబట్టే ఆకు మనకు పచ్చగా కనపడుతుంది. నీలంలోనూ కొంత పని జరుగుతుందని తర్వాత చూపారు. ఇంకో ప్రయోగంలో ఆకును చీకట్లో పెట్టి, దానిలో పిండి లేకుండా చేసి, ఏడు రంగులూ దాని మీద పడేలా చేశారు. తర్వాత అయొడిన్ పోస్తే ఎరుపు పడ్డ చోట నల్ల పట్టీ తేలింది. పిండి పుట్టింది అక్కడన్నమాట. మన కంచంలోని అన్నం ఆ వెలుగు ముద్దే.

మాస్కో దగ్గర పెట్రోవ్‌స్కీ వ్యవసాయ అకాడమీలో పాఠాలు చెప్పారు. 1891లో రష్యాలో కరువు వచ్చి పల్లెలు మలమల మాడాయి. అప్పుడు మొక్క వర్షాభావాన్ని ఎలా తట్టుకుంటుందో బహిరంగ ఉపన్యాసం ఇచ్చి, వచ్చిన డబ్బు ఆకలిగొన్నవాళ్లకు ఇచ్చేశారు. 1892లో ఆ అకాడమీ ఉద్యోగం పోయింది. 1911లో ప్రభుత్వం విశ్వవిద్యాలయం మీద పెత్తనం చేస్తే, వందకు పైగా అధ్యాపకులతో పాటు రాజీనామా చేశారు. అప్పటికే పక్షవాతం వచ్చి ఉంది. అయినా వెనక్కి తగ్గలేదు. విప్లవం వచ్చాక రైల్వే కార్మికులు ఆయన్ను మాస్కో సోవియట్‌కు ఎన్నుకున్నారు.

అన్నీ ఒప్పేనని మేము అనం. మెండెల్ వారసత్వ సిద్ధాంతం మీద ఆయనకు చిన్నచూపు. తర్వాత లిసెంకో మనుషులు ఆయన పేరు చెప్పుకునే, మంచి శాస్త్రజ్ఞులను వేధించారు.

1920 ఏప్రిల్‌లో తిమిర్యాజెవ్ కన్నుమూశారు. పూత సంగతి ఆయన తేల్చలేదు. అదే ఏడాది అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు పొగాకు, సోయా మొక్కల మీద పనిచేసి, పగలు రాత్రి ఎంత పొడుగన్నదే పూతను నడిపిస్తుందని చాటారు. మన పాత దీర్ఘకాలిక వరి రకాలు ముందు నాటినా వెనక నాటినా పగళ్లు కుదించుకుపోయే కాలానికే ఈనేవి, కారణం ఇదే. 1952లో మళ్లీ అమెరికాలోనే ఎరుపు సంగతి తేలింది. చిన్న పగళ్లు కోరే మొక్కకు నడిరాత్రి కాసేపు ఎర్ర వెలుగు చూపితే పూత ఆగుతుంది. వెంటనే కంటికి సరిగా ఆనని దూరపు ఎరుపు చూపితే ఆ ఆటంకం పోతుంది. చామంతి తోటల్లో రాత్రిళ్లు బల్బులు వెలిగించి పూతను వెనక్కి జరిపేది అందుకే. ఆ స్విచ్చు వేసే కూలీకి ఈ సంగతి యజమాని చెప్పడు గనక మేము చెబుతున్నాం.